వ్రాయసకాళ్ళు నిలబెట్టిన కావ్యం

దాంతే అలిగియేరి తన చేత్తో రాసిన అక్షరం ఒక్కటి కూడా ఇవాళ లోకంలో లేదు. సంతకం లేదు, ఉత్తరం లేదు, లెక్కల చీటీ లేదు. 14,233 పాదాల ‘కొమ్మెదియా’లో ఒక్క పాదమైనా ఆయన చేతిరాతలో దొరకలేదు. ఆ రాత ఎలా ఉండేదో చూసి చెప్పినవాడు ఫ్లోరెన్స్ చాన్సలర్ లియొనార్దో బ్రూని. 1436లో దాంతే జీవితం రాస్తూ, ఆయన ఉత్తరాలు కొన్ని తాను కళ్ళారా చూశాననీ, అక్షరాలు సన్నగా, పొడుగ్గా, తప్పుల్లేకుండా ఉన్నాయనీ చెప్పాడు. ఆ ఉత్తరాలూ తర్వాత పోయాయి.

తాటాకు ప్రతులు చదివి పరిష్కరించడం నా వృత్తి. నిమ్మగడ్డి నూనె పట్టించి, మసి రాసి, కమ్మ మీద గంటం గీతలు పైకి తేలేదాకా చూసి, నాలుగు ప్రతుల్లో నాలుగు రకాలుగా ఉన్న ఒక పాదంలో ఏది కవిదో తేల్చే పని. దాంతేను నేను మొదట చదివింది ఇంగ్లీషు వచనంలో, మా మాస్టారు ఇచ్చిన పుస్తకంలో. కథ నన్ను పట్టుకుంది: అడవిలో దారి తప్పిన మనిషి, చేయి పట్టి నడిపించే వర్జిల్ మహాకవి, నరకం, పర్వతం, స్వర్గం. కానీ నన్ను ఆ కావ్యానికి కట్టిపడేసింది పీఠికలో ఉన్న ఒక్క వాక్యం: దీనికి కవి స్వహస్త ప్రతి లేదు, దాదాపు ఎనిమిది వందల రాతప్రతులు మాత్రం ఉన్నాయి. అది చదివాక మూలభాష నేర్చుకోకుండా ఉండలేకపోయాను. మన కవిత్రయంలో ఎవరి చేతిరాతా మనకు దక్కలేదు. తిక్కన చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాశాడంటారు. ఆ గురునాథుడి గంటం తగిలిన కమ్మ కూడా మిగల్లేదు. మన ఎండకూ చెదకూ తాటాకు ఎంతకాలమని నిలుస్తుంది! తోలు మీద రాసిన ఇటలీలో కూడా ఇదే కథ అయినప్పుడు, అక్కడ కావ్యం ఎవరి చేతుల్లో బతికిందో తెలుసుకోవాలనిపించింది.

1302 మార్చి 10న ఫ్లోరెన్స్ నగరం దాంతే కనబడితే సజీవంగా కాల్చమని తీర్పు చెప్పింది. అప్పటికి ఆయన ఊళ్ళో లేడు. మళ్ళీ ఎన్నడూ ఊరి గడప తొక్కలేదు. కావ్యమంతా పరుల పంచన సాగింది: వెరోనాలో, లుక్కా దగ్గరి లూనిజానా కోటల్లో, చివరికి రవెన్నాలో. మొదటి కాండ ‘ఇన్ఫెర్నో’ను 34 సర్గలుగా, తర్వాతి రెండింటినీ 33 చొప్పున కట్టాడు. మొత్తం ఒకేసారి లోకంలోకి రాలేదు. ఒక్కో భాగం పూర్తయినప్పుడల్లా జనంలోకి వెళ్ళింది. అందుకే పరిష్కర్తలకు ఇంత చిక్కు. రచన సాగుతుండగానే దాని ప్రతులు రోడ్డెక్కాయి.

వాటిలో అన్నిటికన్నా పాత ఆనవాలు కావ్యాల అలమరలో లేదు, బొలోన్యా నగరపు దస్తావేజుల్లో ఉంది. అక్కడ అమ్మకాలు, అప్పులు, వీలునామాలు దొంగ కాగితాలు కాకుండా నకలు రాసి దాచే కార్యాలయం ఒకటి ఉండేది. ఆ రిజిస్టర్లలో ఒక పద్దుకూ ఇంకో పద్దుకూ మధ్య ఖాళీ జాగా మిగిలితే ఎవరైనా దొంగపద్దు ఇరికించవచ్చు. అందుకని నోటరీలు ఆ జాగాను ఏదో ఒకటి రాసి నింపేవాళ్ళు. ప్రార్థనలు రాసేవాళ్ళు, సామెతలు రాసేవాళ్ళు, ఎక్కువగా తమకు కంఠతా వచ్చిన పాటలూ పద్యాలూ రాసేవాళ్ళు. 1317 నాటి రిజిస్టరులో సాన్ జిమిన్యానో ఊరి నోటరీ ఒకడు ‘ఇన్ఫెర్నో’ మూడో సర్గలోంచి పాదాలు ఎక్కించాడు. నరకపు నది దాటించే పడవవాడు కారోన్‌ను వర్జిల్ గద్దించే చోటు అది. దాంతే అప్పటికి బతికే ఉన్నాడు. ‘పారదీసో’ ఇంకా పూర్తికాలేదు. మూడో కాండ ముగియకముందే మొదటి కాండ ఒక గుమాస్తా నోట్లో ఆడుతోంది!

ఇందులో నాకు ఒళ్ళు జలదరించే సంగతి ఇంకొకటుంది. ఆ దస్తావేజుల కార్యాలయాన్ని 1265లో, అంటే దాంతే పుట్టిన ఏడే, నెలకొల్పినవాళ్ళు లోదెరింగో, కాతలానో అనే ఇద్దరు సన్యాసులు. ‘ఇన్ఫెర్నో’ 23వ సర్గలో దాంతే వాళ్ళిద్దరినీ పేరుపెట్టి కపటుల గుంపులో నిలబెట్టాడు. పైన బంగారు పూత, లోపల సీసం పోసిన అంగీలు మోస్తూ వాళ్ళు అక్కడ అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తారు. ఏ మనుషులను నరకంలో పెట్టాడో, ఆ మనుషులు పెట్టిన కార్యాలయపు పుస్తకాలే ఆయన పాదాలకు మొట్టమొదటి సాక్ష్యం పలుకుతున్నాయి.

1321 సెప్టెంబరులో రవెన్నా ప్రభువు గ్విదో నొవెల్లో తరఫున రాయబారిగా వెనిస్ వెళ్ళి తిరిగివస్తూ, చిత్తడి నేలల దారిలో దాంతేకు మలేరియా సోకింది. 13వ తేదీ రాత్రి తెల్లవారేలోగా కన్నుమూశాడు. తర్వాతి సంగతి కథకుడు బొకాచ్చో చెప్పాడు. ‘పారదీసో’ చివరి 13 సర్గలు ఎంత వెతికినా కనబడలేదట. కొడుకులు యాకోపో, పియెత్రో ఇద్దరికీ కవిత్వం అల్లడం వచ్చు కనుక, తండ్రి కావ్యాన్ని మీరే పూర్తి చెయ్యండని మిత్రులు ఒత్తిడి తెచ్చారట. ఎనిమిదో నెలలో యాకోపోకు కలలో తండ్రి తెల్లబట్టల్లో కనబడి, తాను పడుకునే గదికి తీసుకెళ్ళి గోడ మీద ఒకచోట చేయి పెట్టి చూపించాడు. యాకోపో తెల్లవారకముందే పియెరో జార్దీనో అనే శిష్యుణ్ణి లేపి వెంటబెట్టుకు వెళ్ళాడు. గోడకు బిగించిన చాప ఎత్తితే చిన్న గూడు, అందులో కాగితాలు. గోడ తేమకు బూజు పట్టి, ఇంకొన్నాళ్ళుంటే పుచ్చిపోయే స్థితిలో ఉన్నాయట.

ఈ కలను చాలామంది పండితులు కట్టుకథ అని పక్కన పెట్టేస్తారు. కల సంగతి నాకూ పట్టదు. ఆ బూజును మాత్రం నేను నమ్ముతాను. కల్పించి చెప్పేవాడు కావ్యాన్ని మెరిసిపోతూ బయటికి తెస్తాడు; గోడ చెమ్మకు పుచ్చిపోబోతున్న కాగితాల ఊహ రాతప్రతులు వెతికి తిరిగినవాడికే వస్తుంది. బొకాచ్చో అలాంటివాడు. ఇంకొక మాట, చివరి సర్గలు మిగిలిన కావ్యంతో కలవకుండా విడిగా ఉండిపోవడం కావ్యం ముక్కలు ముక్కలుగా వెలువడిన పద్ధతికి సరిగ్గా సరిపోతుంది.

ఇక కూలికి రాసేవాళ్ళ దగ్గరికి వద్దాం. తేదీ వేసి ఉన్న పూర్తి ప్రతుల్లో మిగిలినవాటిలో పాతది పియాచెంజా నగరపు గ్రంథాలయంలో ఉంది. లాందియానో అంటారు. 1336లో ఆంతోనియో దా ఫెర్మో అనే లేఖకుడు జెనోవాలో, ఆ నగరపు పాలకుడిగా ఉన్న బెక్కారియో బెక్కారియా కోసం రాశాడు. మరుసటి ఏడు, 1337లో, ఫ్రాంచెస్కో ది సెర్ నార్దో అనే ఫ్లోరెన్స్ వ్రాయసకాడు రాసిన ప్రతి మిలాన్‌లోని త్రివుల్జియానా గ్రంథాలయంలో ఉంది. తోలు కాగితం, రెండు వరుసలు, ప్రతి మూడు పాదాల మొదటి అక్షరం కాస్త ముందుకు జరిపి, నోటరీలు దస్తావేజులకు వాడే గొలుసు రాతకు దగ్గరి రాత. చూస్తే చదవబుద్ధవుతుంది. ఈ ఫ్రాంచెస్కో గురించి రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఫ్లోరెన్స్‌లో ఒక కథ చెప్పుకునేవాళ్ళు: దాంతే కావ్యం వంద ప్రతులు రాసి, వచ్చిన డబ్బుతో కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాడట. నిజంగా వంద రాశాడో లేదో గాని, ఒకే తీరు పుటలతో, ఒకే కొలతలతో ఆ కాలపు ఫ్లోరెన్స్ ప్రతులు ఇప్పటికీ డజన్లకొద్దీ మిగిలాయి. ‘వంద దాంతేలు’ అనే పేరు వాటికి స్థిరపడింది. నోటరీల ఊళ్ళలో పుస్తకం ఒక సరుకైంది. కట్నాలు సమకూర్చుకోవాల్సిన తండ్రి ఎంత శ్రద్ధగా రాస్తాడో అంత శ్రద్ధా ఆ పుటల్లో నాకు కనిపిస్తుంది.

అంతమంది చేతులు పడినా కావ్యం చెల్లాచెదురు కాకపోవడానికి దాంతే ముందే ఒక కట్టుదిట్టం చేశాడు. మూడేసి పాదాల గుచ్ఛాలు. మొదటి, మూడో పాదాలకు ఒక అంత్యప్రాస. మధ్య పాదపు ప్రాస తర్వాతి గుచ్ఛంలో మొదటి, మూడో పాదాలకు వెళుతుంది. దాని మధ్య పాదం ఆ తర్వాతి గుచ్ఛాన్ని పట్టుకుంటుంది. మధ్యలో మూడు పాదాలు ఎవరైనా పీకేస్తే రెండువైపులా ప్రాస తెగి బయటపడుతుంది. మూడు పాదాలు చొప్పిస్తే అంతకన్నా ముందే బయటపడుతుంది. తెలుగు పరిష్కర్తకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. పాదంలో రెండో అక్షరానికి ప్రాస, నియమిత స్థానంలో యతి లేకపోతే మన భారతం ఎన్ని రకాలుగా పెరిగి ఉండేదో! అయితే మన ఛందస్సు పద్యాన్ని లోపలి నుంచి కాపాడుతుంది. పద్యానికి పద్యం కొత్తగా చేర్చడాన్ని ఆపలేదు. ప్రక్షిప్త పద్యాలు మనకు అందుకే అన్ని. దాంతే కట్టిన గొలుసు సర్గ మొదలు నుంచి చివరిదాకా ఒకటే. 14,233 పాదాల కావ్యంలో దొంగ పాదాలు నిలవకపోవడం ఆ గొలుసు చలవే.

పాదం లోపల మాత్రం మాట మారిపోతుంది. మొదటి సర్గలోనే చూడండి. ఆకలిగొన్న సింహం తల ఎత్తి వస్తుంటే దాన్ని చూసి గాలి ‘వణికినట్టు’ ఉందని కొన్ని ప్రతులు, ‘భయపడినట్టు’ ఉందని కొన్ని ప్రతులు. త్రెమెస్సె, తెమెస్సె. తేడా అంతా ఒక్క రేఫ. తాటాకు మీద క్రారవడి జారిపోవడం ఎంతసేపు! రోజూ చూస్తాం. భయపడే గాలి తేలికగా అర్థమవుతుంది, వణికే గాలి కంటికి కడుతుంది. 1921 నాటి పరిష్కర్త వాందెల్లి భయాన్ని తీసుకున్నాడు, తర్వాత పెత్రోక్కి వణుకును తీసుకున్నాడు. తీసుకున్న కారణం రుచి కాదు, పాత ప్రతుల సాక్ష్యం. లాందియానో ప్రతిలో అయితే ఇంకా గడ్డు పరిస్థితి: ఆంతోనియో రాసినదాన్ని వేరొకడు తర్వాత చాలాచోట్ల కత్తితో గీకేసి, తన దగ్గరున్న ఇంకో ప్రతిలోని మాట రాశాడు. గీకిన తోలు కింద మొదటి మాట ఎక్కడైనా నీడలా మిగిలిందా అని పండితులు ఏళ్ళ తరబడి చూశారు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఆత్మీయుడు జొవాన్ని బొకాచ్చో. ‘దెకామెరాన్’ కథకుడిగా లోకమంతా ఎరిగిన ఆయన, కూలి కోసం కాకుండా, ఎవరో పురమాయించినందుకు కాకుండా, ‘కొమ్మెదియా’ మొత్తం మూడుసార్లు తన చేత్తో రాశాడు. మూడూ ఉన్నాయి: ఒకటి స్పెయిన్‌లో తొలేదోలో, ఒకటి ఫ్లోరెన్స్‌లో, ఒకటి వాటికన్‌లో. వాటికన్ ప్రతి పుటలు ఇప్పుడు తెర మీద ఎవరైనా తిప్పి చూడవచ్చు. గుండ్రటి, సమానమైన, తొందరలేని అక్షరాలు. 1350లో ఫ్లోరెన్స్‌లోని ఓర్‌సాన్‌మికెలే సంఘం దాంతే కూతురికి పది బంగారు ఫ్లోరిన్లు ఇచ్చి రమ్మని ఆయన్నే రవెన్నాకు పంపింది. ఆమె అక్కడ ఒక మఠంలో సన్యాసిని, బెయాత్రిచే అన్న పేరుతో. తండ్రిని వెళ్ళగొట్టిన ఊరు అర్ధశతాబ్దం తర్వాత కూతురి చేతిలో పెట్టిన పది నాణేలవి. ఎంత చిన్న మొత్తం! ఆ సొమ్ము పట్టుకెళ్ళినవాడు బొకాచ్చో కావడం ఒక్కటే ఆ సందర్భానికి గౌరవం.

తర్వాత 1373లో ఫ్లోరెన్స్ పౌరులు నగరపాలకులకు అర్జీ పెట్టుకున్నారు: దాంతే గ్రంథాన్ని జనానికి చదివి చెప్పించండని. పాలకులు ఒప్పుకుని ఏడాదికి వంద ఫ్లోరిన్ల జీతం మీద బొకాచ్చోను పెట్టారు. అక్టోబరు 23న బాదియా దగ్గరి సాంతో స్తెఫానో చర్చిలో పురాణకాలక్షేపం మొదలైంది. దానికి ఇంతకన్నా తగిన మాట నాకు తోచదు: పాదాలు చదవడం, శబ్దార్థం చెప్పడం, పిమ్మట లోపలి అర్థం చెప్పడం. సామాన్యులకు ఇంత గంభీరమైన సంగతులు విప్పి చెప్పడం ఏమిటని కొందరు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ బొకాచ్చోను నొప్పించింది. జబ్బుపడి, 1374 మొదట్లో ‘ఇన్ఫెర్నో’ 17వ సర్గ మొదట్లో ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టకుండానే 1375 డిసెంబరులో పోయాడు.

పాఠపరిష్కరణ శాస్త్రం మాత్రం ఈ ప్రేమికుడి మీదే నేరం మోపుతుంది. బొకాచ్చో ఒక మాతృకను చూసి ఉన్నదున్నట్టు దింపేవాడు కాదు. రెండు మూడు ప్రతులు పక్కన పెట్టుకుని, నచ్చిన మాట ఏరుకుని, అర్థం సాఫీగా సాగేలా రాసేవాడు. ఆయన పేరుకున్న బలంవల్ల ఆ కలగలుపు పాఠమే తర్వాతి ప్రతులకు మాతృకైంది. ఏ మాట ఏ శాఖ నుంచి వచ్చిందో విడదీయడం ఆయన తర్వాత అసాధ్యమైపోయింది. మన దగ్గరా అంతే. అర్థం తెలియని వ్రాయసకాడు చేసిన తప్పు తప్పులాగే కనిపిస్తుంది, దిద్దుకోవచ్చు. పద్యం తెలిసిన పండితుడు చేసిన దిద్దుబాటు కవి మాటలాగే నిలబడుతుంది. అయినా ఆయన్ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఫ్లోరెన్స్‌లో దాంతే ఇంటింటి కవి కావడం వెనక ఆ మనిషి కష్టం ఉంది.

అచ్చు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 1472 ఏప్రిల్‌లో ఫొలీన్యో ఊళ్ళో జర్మన్ ముద్రాపకుడు యోహాన్ నాయ్‌మైస్టర్ మొదటి ప్రతి వేశాడు. 1502లో వెనిస్‌లో అల్దుస్ అచ్చువేసిన చిన్న పుస్తకానికి పియెత్రో బెంబో మాతృకగా తీసుకున్నది, బొకాచ్చో ఒకప్పుడు పెట్రార్క్‌కు బహుమతిగా పంపిన ప్రతి. అది నచ్చిన పాఠమే తప్ప తూచిన పాఠం కాదు. మూడు వందల ఏళ్ళకు పైగా అచ్చుపుస్తకాలు దాని నీడలోనే నడిచాయి. ‘దివ్య’ అన్న విశేషణం పుస్తకం పేరులోకి ఎక్కింది కూడా అచ్చులోనే, 1555లో, వెనిస్‌లో.

నిజమైన తూకం 19వ శతాబ్దంలో మొదలైంది. కార్ల్ విట్టె అనే జర్మన్ న్యాయశాస్త్ర పండితుడు ‘ఇన్ఫెర్నో’ మూడో సర్గను నాలుగు వందలకు పైగా ప్రతుల్లో సరిపోల్చి చూపించాడు. నాలుగు ప్రతులను ఆధారం చేసుకుని 1862లో బెర్లిన్‌లో కావ్యం వెలువరించాడు. ఇంచుమించు ఆ తరానికి కొద్దిగా ముందు కడపలో సి.పి. బ్రౌన్ తన బంగళాలో పండితులను జీతాలకు పెట్టి, ఒక్కో కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, పాఠాంతరాలు గుర్తించి, కాగితం మీద మేలుప్రతులు రాయిస్తున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియని ఈ ఇద్దరూ చేసింది ఒకే పని. విట్టె తర్వాత 1891లో మికెలే బార్బి ఒక జాబితా తయారుచేశాడు: కావ్యమంతటిలో పాఠభేదం ఎక్కువగా తేలే 396 చోట్లు. ఏ ఊరి గ్రంథాలయంలో ప్రతి దొరికినా ముందు ఆ 396 చోట్లు చూసి పంపితే చాలు, అది ఏ కుటుంబానిదో తేలుతుంది. ఇంత తెలివైన పనిముట్టు మన పరిష్కరణకు ఎవరైనా ముందే అమర్చి ఉంటే ఎన్ని జీవితాలు ఆదా అయ్యేవో.

మన దేశంలోనూ ఒక పాత ప్రతి ఉంది. ముంబయి టౌన్‌హాల్‌లోని ఏషియాటిక్ సొసైటీలో, బొంబాయి గవర్నరుగా చేసిన మౌంట్‌స్టువర్ట్ ఎల్ఫిన్‌స్టన్ ఇచ్చిన 14వ శతాబ్దపు రాతప్రతి. ముస్సోలినీ దాన్ని పెద్ద మొత్తానికి కొనబోయాడనీ సొసైటీ ఇవ్వలేదనీ చెబుతారు. దాని తావు మన గడ్డ అని తెలిసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ‘పారదీసో’ 19వ సర్గ. సింధునది ఒడ్డున ఒకడు పుట్టాడు, అక్కడ క్రీస్తు మాట చెప్పేవాడు లేడు, చదివేవాడు లేడు, రాసేవాడు లేడు. అతని తలపులూ చేతలూ మంచివే. అతన్ని శిక్షించే న్యాయం ఎక్కడిది? ఈ ప్రశ్న తనను చాలాకాలం ఆకలిలా తిన్నదని దాంతే అక్కడ ఒప్పుకుంటాడు. స్వర్గంలోని గరుడపక్షి ముందు కసురుతుంది, తీర్పు చెప్పడానికి నువ్వెవరివని. పిదప అదే పక్షి అంటుంది: క్రీస్తు క్రీస్తు అని కేకలు పెట్టేవాళ్ళలో చాలామంది, చివరి రోజున, ఆ పేరే వినని వాడికన్నా దూరంగా ఉంటారని. ఏడు వందల ఏళ్ళ కిందటి కవి మన నేల మీది మనిషి తరఫున స్వర్గంలో నిలబడి అడిగాడు. ఆ సర్గను నేను ఎప్పుడు చదివినా గౌరవంతో చదువుతాను.

పరిష్కర్తల తగువు ఇంకా తీరలేదు. 1966, 67 సంవత్సరాల్లో జోర్జో పెత్రోక్కి ఒక గీత గీశాడు: బొకాచ్చో చేయి పడకముందటి ప్రతులు మాత్రమే ప్రమాణం. అలాంటివి 27 తేలాయి. వాటితో ఆయన కట్టిన పాఠమే ఇప్పుడు ఇటలీ బడుల్లో చదివేది. 2001లో ఫెదెరికో సాంగ్వినేతి ఆ 27ను కూడా తగ్గించి ఏడుతో సరిపెట్టాడు. అందులోనూ ఎక్కువ భారం ఒక్క ప్రతి మీద వేశాడు. అది 1352 నాటిది, ఒకప్పుడు ఉర్బినో ప్రభువుల గ్రంథాలయంలోది, ఇప్పుడు వాటికన్‌లో ఉంది. వాదానికి బలం ఉంది: కావ్యం వెలువడింది రవెన్నా నుంచి, ఉత్తరాది ప్రతులు ఆ ఊటకు దగ్గర. కానీ ఆ ప్రతుల్లో దాంతే ఫ్లోరెన్స్ పలుకుబడికి ఉత్తరాది యాస తొడిగి ఉంది. ఫ్లోరెన్స్ ప్రతుల్లో పలుకు సొంతం, మాటలు మాత్రం ఒకటి రెండు చేతులు మారి వచ్చినవి. ఉత్తరాది ప్రతిని నమ్మి, దాని యాస కడిగి ఫ్లోరెన్స్ పలుకు మళ్ళీ ఎక్కించాలంటే ప్రతి పుటలోనూ పరిష్కర్త తన చెవిని నమ్మాలి. పెత్రోక్కి ఆ పని చెయ్యలేదు; పలుకుకు 1337 నాటి ఫ్రాంచెస్కో ప్రతిని పట్టుకుని, మాట మాటకూ 27 మంది సాక్ష్యం అడిగాడు. కూతుళ్ళ పెళ్ళిళ్ళకోసం రాశాడని చెప్పుకునే ఆ వ్రాయసకాడి చెవి ఫ్లోరెన్స్‌ది. ఇవాళ్టి పండితుడి చెవి కన్నా దాన్నే నేను నమ్ముతాను.